జుట్టు నిక్కిన దేవుడు

కాటాలాయన ఎవర్నీ ఊరికే నమ్మడు. నమ్మితే ఆయన వృత్తి సాగదు. కూరగాయల కొట్లో కాటా మొదలుకొని నగల దుకాణంలో గాజుపెట్టెలో ఉండే సున్నితపు కాటా దాకా, యజమాని "సరిగ్గానే తూస్తోందండీ" అన్న ప్రతిదాన్నీ తన సంచిలోని తూకపు రాళ్ళతో మూడుసార్లు పరీక్షించి, కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి కూడా చూస్తాడు. ఇంట్లోనూ అంతే. భార్య "టీలో చక్కెర వేశాను" అంటే, చెంచాతో అడుగు దాకా కలిపి చూసేవరకు ఆయన మనసు ఊరుకోదు. అలాంటి మనిషి ఒక్క విషయాన్ని మాత్రం నాలుగేళ్ళుగా కళ్ళు మూసుకుని నమ్మేశాడు. తన దగ్గరున్న ఒక కంచు నాణెం మీద దేవుడున్నాడని.

ఆయన పోగుచేసేవి ఫినీషియన్ల నాణేలు. రెండు వేల ఏళ్ళ పైచిలుకు క్రితం తూరు, సీదోను, అర్వదు అనే రేవు పట్టణాల్లో ఉంటూ, సముద్రాన్ని సొంత పెరడులా వాడుకుంటూ వ్యాపారం చేసిన జనం వాళ్ళు. వాళ్ళ వెండి నాణేల జోలికి ఆయన పోడు. "వెండివి పెద్దవాళ్ళ పెట్టెల్లో నిద్రపోయాయోయ్. రాగివీ కంచువీ బజార్లో తిరిగాయి. చేపలు కొన్నాయి, చెప్పులు కుట్టించాయి" అంటాడు భార్యతో. ఆవిడ దారం పళ్ళతో తెంపుతూ "అందుకే అంత తుప్పు పట్టాయి, పాపం అలసిపోయి" అంటుంది.

ఆవిడది ఎంబ్రాయిడరీ పని. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ ఫ్రేము, దారాల పెట్టె, రెండు కుర్చీలు. వెనక గదిలో ఆయన కాటాలు, రాళ్ళు, నాణేల ట్రేలు. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ నాణేల్ని ఆవిడ నాణేలు అని ఒక్కసారి కూడా అనలేదు. రాగి బిళ్ళలు అంటుంది, చిల్లపెంకులు అంటుంది, బాగా ముద్దొస్తే "మీ తుప్పు పిల్లలు" అంటుంది. ఆయన ఉడుక్కున్నట్టు నటిస్తాడు. అదొక అలవాటు ఆ ఇంట్లో.

నాలుగేళ్ళ క్రితం కలగూరగంప లాంటి పాత నాణేల గుట్టలో ఆయనకి ఆ నాణెం దొరికింది. వేలిగోరంత ఉంటుంది. ఒక పక్క నున్నగా అరిగిపోయింది. రెండో పక్క మాత్రం ఏదో ఉంది. ఆయన భూతద్దం కింద పెట్టి మూడు రాత్రులూ నాలుగు పగళ్ళూ చూసి, గుండ్రటి నుదురు, దాని మీద నిటారుగా నిక్కిన వెంట్రుకలు, కింద కుచ్చులు కుచ్చులుగా గడ్డం, చెవి పక్కన వంకర తిరిగిన చేప, ఇవన్నీ కనిపెట్టాడు. ఇది ఎక్కడా ఎవరూ రాసి ఉండని సముద్రదేవుడు అని తేల్చాడు. నాణేన్ని చిన్న అట్టచట్రంలో బిగించి, పైభాగం ఏదో తెలిసేలా బాణం గుర్తు వేసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాశాడు. ఆవిడ ఒకసారి తొంగిచూసి, "ఈయనకి దువ్వెన కొనివ్వండి" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ నాణెం పేరు జుట్టుదేవుడు.

దేవుడు దొరికాక కాటాలాయన నడకే మారిపోయింది. పాత నాణేల సంఘంలో ఆయనతో కలిపి తొమ్మిదిమంది. నెలకో ఆదివారం మందుల షాపు మేడమీద కలుస్తారు. అందులో మందుల షాపాయన దగ్గర మంచి మంచివి ఉన్నాయి, పళ్ళ డాక్టరు దగ్గర అంతకంటే మంచివి ఉన్నాయి. కాటాలాయన దగ్గర ఉన్నవన్నీ అరిగినవే. అంతవరకూ చివరి కుర్చీలో కూర్చునే మనిషి ముందు వరసలోకి వచ్చాడు. సంఘం పత్రికలో వ్యాసం రాశాడు. దాన్ని పెంచి పదహారు పేజీల పుస్తకం చేశాడు. వంద కాపీలు అచ్చయి, పురికొసతో కట్టలు కట్టించుకుని వచ్చి మంచం కింద చేరాయి. ఇప్పుడు సంఘం సమావేశానికి మ్యూజియం నుంచి ఒక మేడం వస్తోంది, ఆ పాత నాణేల్లోనే జుట్టు నెరిసిన మనిషి. ఆవిడ చేతిలో మొదటి కాపీ పెట్టాలని కాటాలాయన తహతహ. దానికి తోడు, సంఘానికి ఒక బ్యానరు ఉండాలని, దాని మీద కాటాలాయన దేవుణ్ణే వేయించాలని మందుల షాపాయన ప్రతిపాదిస్తే మిగిలినవాళ్ళంతా చేతులెత్తారు. ఆ రాత్రి ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు సంతోషంతో.

కుట్టే పని ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు కదా.

ఆవిడ నీలిరంగు గుడ్డ మీద, ఆయన పెద్దగా గీసిచ్చిన బొమ్మ దించుకుని పని మొదలుపెట్టింది. నుదుటికి కాడ కుట్టు, గడ్డానికి గొలుసు కుట్టు. మొదటి మూడు రోజులు ఏ గొడవా లేదు. శుక్రవారం మధ్యాహ్నం జుట్టు దగ్గరికి వచ్చింది. ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంటుంది. దారం తన వైపుకి లాగితేనే కుట్టు సమంగా పడుతుంది. పైకి నిలబడ్డ వెంట్రుకలు తన వైపుకి రావాలంటే ఫ్రేము తిప్పుకోవాలి. ఆవిడ ఫ్రేముని గిరుక్కున తిప్పింది, సూది గుచ్చింది, ఆగిపోయింది.

ఒళ్ళో దేవుడు లేడు. పడవ ఉంది.

నుదురు అనుకున్నది పడవ కడుపు. నిక్కిన వెంట్రుకలు నీళ్ళలోకి దిగిన తెడ్లు. గడ్డం కుచ్చులేమో పడవ మీద వరసగా నిలబడ్డ మనుషులు. చెవి పక్కన చేప, వెనక పైకి వంపు తిరిగిన పడవ తోక. ఎంత స్పష్టంగా ఉందంటే, మళ్ళీ తిప్పి చూసినా ఆవిడకి దేవుడు కనిపించలేదు. తలకిందులైన పడవే కనిపించింది. "ఓరి నాయనో" అంది ఆవిడ పైకే. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. కాటాని నాలుగుసార్లు పరీక్షించే మనిషి, బరువంతా గ్రాములో వందో వంతు దాకా తూచి, తల ఎటుందో చూసుకోలేదు! సాయంత్రం ఆయన రాగానే ఎలా ఏడిపించాలో మాటలు కూడా సిద్ధం చేసుకుంది. అంతలో మంచం కింద పుస్తకాల కట్టలు గుర్తొచ్చాయి. తొమ్మిది రోజుల్లో మ్యూజియం మేడం వస్తుంది. చూసీచూడగానే చెప్పేస్తుంది. అందరి ముందూ, ఆ బ్యానరు కిందే. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

చెప్పాలి. కానీ ఎలా? ముప్పై ఒక్క ఏళ్ళు వేళాకోళం చేసిన నోరు అది. ఇప్పుడు అదే నోటితో నిజం చెబితే ఎవరు నమ్ముతారు? "మొదలెట్టావా మళ్ళీ" అంటాడు. తన నోరే తనకి శత్రువయిందని ఆవిడకి అప్పుడే తెలిసింది, చాలా బాధ కూడా కలిగింది.

మొదటి ప్రయత్నంగా ఆవిడ ఫ్రేముని తలకిందులుగా గోడకి ఆనించి, ఎదురుగా ఆయనకి టీ ఇచ్చింది. ఆయన ఒక గుటక తాగి, మెడ భుజం మీదకి పూర్తిగా వంచి బొమ్మని దేవుడిగానే చూసి, "జుట్టు భలే వచ్చిందోయ్" అన్నాడు. లేచి ఫ్రేముని సరిగ్గా పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. అంటే సరిగ్గా కాదు, తప్పుగా.

మర్నాడు ఆవిడ ఇంకో దారి పట్టింది. "ఏవండీ, ఆ ఫినీషియన్లకి పడవలుండేవి కదా. ఆ బిళ్ళల మీద పడవలు వెయ్యరా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో నాణేల గురించి భార్య అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని ముప్పావుగంట చెప్పాడు. వాళ్ళ పడవలు, వాళ్ళ దేవదారు కలప, నత్తల్లోంచి తీసిన ఊదారంగు. ఆఖర్న, "పడవలకేం, కోకొల్లలు. ఎవడి ట్రేలో చూసినా పడవే. నా దగ్గరే పదకొండున్నాయి. పడవ ఎవడిక్కావాలోయ్? మన దగ్గర దేవుడున్నాడు" అన్నాడు. ఆవిడ "అవునవును" అని లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

బుధవారానికి ఆవిడకి ఓపిక అయిపోయింది. మింగలేక, కక్కలేక, తలనొప్పి మాత్ర వంకతో మందుల షాపుకి వెళ్ళింది. షాపాయన ఆవిణ్ణి చూడగానే అదోలా నవ్వి, "రండి చెల్లెమ్మా, బ్యానరు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

"జుట్టు దాకా వచ్చింది, అన్నయ్యగారూ."

"జుట్టా." ఆయన కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. "ఫ్రేము తిప్పారా మరి?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది. ఆయన చూపు మాత్రల సీసాల మీదికి పారిపోయింది.

"మీకు తెలుసు" అంది ఆవిడ.

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మొదటివారం నుంచి. మీ ఆయన పంపిన ఫొటో ఫోన్లో చూస్తూ ఫోను అటు తిప్పాను. పడవ." ఆయన గొంతు తగ్గించాడు. "నేనొక్కణ్ణే కాదు. పళ్ళ డాక్టరు చూసిన మరుక్షణం కనిపెట్టాడు. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల మొహాలు తలకిందులుగానే చూస్తాడుగా. లెక్కల మాస్టారికి నెల పట్టింది. మొత్తానికి అందరికీ తెలుసు."

"ఎనిమిదిమందికీ?"

"ఎనిమిదిమందికీ."

"ఒక్కరు కూడా నోరు విప్పలేదా!"

షాపాయన చాలా ఇబ్బంది పడ్డాడు. సంఘంలో ఒక మర్యాద ఉందట. ఒకరి నాణెం చేతికిస్తే అంచులు పట్టుకుని, ఇచ్చింది ఇచ్చినట్టే చూసి, అలాగే తిరిగి ఇచ్చెయ్యాలట. అడగందే తిప్పకూడదట, అడగందే తప్పు చెప్పకూడదట. "మొదటి నెల చెప్పాల్సింది, మొహమాటపడ్డాం. తర్వాత వ్యాసం వచ్చింది. మీ ఆయన చివరి కుర్చీలోంచి ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆయన్ని మళ్ళీ వెనక్కి పంపడం మా ఎవరివల్లా కాలేదమ్మా. ఇప్పుడేమో మ్యూజియం మేడం వస్తోంది. అందుకని..." ఆయన ఆగాడు.

"అందుకని?"

"అందుకని బ్యానరు పెట్టాం. మా అమ్మాయికి పెళ్ళిబట్టలు మీరే కుట్టారు, నేను చూశాను. మీరు ఫ్రేము తిప్పి తిప్పి కుడతారు. తిప్పితే కనబడుతుంది, కనబడితే మీరు చెబుతారు అనుకున్నాం."

ఎనిమిదిమంది మగాళ్ళు, అందులో ఒక డాక్టరు, ఒక మాస్టారు, నాలుగేళ్ళు కూడబలుక్కుని, చివరికి తమ నెత్తిమీది బరువు తెచ్చి ఒక ఆడమనిషి ఒళ్ళో పెట్టారు, నీలిరంగు గుడ్డలో చుట్టి. ఆవిడ ఆ షాపులో నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. దగ్గు మందుకి వచ్చిన ఒకాయన మందు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. తిట్టడం అయ్యాక ఆవిడ తలనొప్పి మాత్ర కొనుక్కుంది, నిజంగానే అవసరం పడింది.

గురువారం సాయంత్రం ఆయన వెనక గదిలో ఒక కొట్టువాడి కాటాకి ముల్లు సరిచేస్తున్నాడు. ఆవిడ ఫ్రేము పట్టుకుని వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఏవండీ, ఒక మాట చెబుతాను. ఇది వేళాకోళం కాదు."

ఆయన చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు కంగారుగా.

"నా ఒంటికేం కాలేదు. దీన్ని ఇలా తిప్పి చూడండి. మెడ వంచకండి. ఫ్రేమే తిప్పండి."

ఆయన తిప్పాడు. చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి వెళ్ళి ట్రేలోంచి నాణెం తెచ్చి, అట్టచట్రం విప్పి, బాణం గుర్తు పక్కన పడేసి, వేళ్ళ మధ్య నాణేన్ని తిప్పాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు.

"పదకొండు తెడ్లు" అన్నాడు చివరికి. "తెడ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పడవ."

"ఊఁ."

"పన్నెండో పడవ నాకు."

ఆవిడకి ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వేసింది. ఆయన ఆ చెయ్యి తియ్యలేదు. నాణెం వంకే చూస్తూ, మెల్లగా అడిగాడు.

"వాళ్ళకి తెలుసంటావా? మందుల షాపాయనకీ వాళ్ళకీ?"

ఆవిడ మొదట నిజమే చెబుదామనుకుంది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన మొహం చూసింది. తప్పు చేసినందుకు కాదు ఆ భయం. తప్పులు ఆయన రోజూ దిద్దుకునేవే, అదే ఆయన జీవనం. నాలుగేళ్ళు తను ముందు వరసలో కూర్చుని దేవుడు దేవుడు అంటూ ఉంటే, ఎనిమిదిమందీ లోపల నవ్వుకున్నారా అని భయం. ఆ ఒక్క మాటకి అవునంటే ఆయన మళ్ళీ ఆ మేడ మెట్లెక్కడు.

"వాళ్ళకా?" అంది ఆవిడ, వీలైనంత చులకనగా. "వాళ్ళ మొహాలకి అంత తెలివెక్కడిది? నేను ఫ్రేము తిప్పబట్టి గానీ, నాకు మాత్రం ఏం తెలుసు."

ఆయన మొహంలో కొంచెం రక్తం తిరిగొచ్చింది. నిట్టూర్చాడు. "అయితే ఆదివారం నేనే చెబుతాను. పాపం, వాళ్ళు ఎంత నమ్మారో."

శుక్రవారం పొద్దున్నే ఆవిడ మందుల షాపు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంది. "ఆదివారం మీరంతా ఆశ్చర్యపోవాలి" అని హుకుం జారీచేసింది. "ఎవరైనా నవ్వారో, ముందే తెలుసన్నట్టు ఒక్క చూపు చూశారో, మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇక జాకెట్టు ముక్క కూడా కుట్టను."

"ఆశ్చర్యపోతే మొహం ఎలా ఉంటుంది, చెల్లెమ్మా?" షాపాయన బెరుగ్గా అడిగాడు.

"మీరు మందు ఖరీదు చెప్పినప్పుడు అవతలివాళ్ళు పెట్టే మొహం పెట్టండి."

ఆదివారం పదకొండు గంటలకి మేడమీద గదిలో తొమ్మిది కుర్చీలూ నిండాయి. మ్యూజియం మేడానికి ఒకటి, కాటాలాయన భార్యకి ఒకటి ఎక్కువ వేశారు. గోడకి బ్యానరు వేలాడుతోంది, పడవ నిటారుగా, తెడ్లు కిందికి. శుక్రవారమంతా కూర్చుని ఆవిడే కింద రెండు వరసలు నీళ్ళు కూడా కుట్టింది. అది చూసి కూడా చూడనట్టు ఎనిమిదిమందీ కప్పు వంక చూస్తూ కూర్చున్నారు.

కాటాలాయన లేచాడు. "నాలుగేళ్ళుగా మీ అందరికీ ఒక దేవుణ్ణి చూపించాను. ఆయన దేవుడు కాదు. నాణేన్ని నేను తలకిందులుగా పట్టుకున్నాను. అది పడవ. కనిపెట్టింది మా ఆవిడ."

తర్వాత మందుల షాపాయన లేచి నిలబడి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, "ఆఁ! పడవా!" అన్నాడు, గదిలో పిడుగు పడ్డట్టు. రోజూ అందరి నోళ్ళూ తెరిపించే పళ్ళ డాక్టరు తన నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. లెక్కల మాస్టారు తల పట్టుకుని "ఎంత పొరపాటు, ఎంత పొరపాటు" అని అటూ ఇటూ ఊగాడు. చివర్న కూర్చున్న ఒకాయన ఏకంగా కళ్ళు తుడుచుకున్నాడు. మరీ అంత అక్కర్లేదని ఆవిడ అతని వంక గుర్రుగా చూసింది. మ్యూజియం మేడం మాత్రం ఇదేదో పెద్ద విషాదం అనుకుని గాబరాగా నాణెం చేతిలోకి తీసుకుని, "పడవే. సీదోనుదో అర్వదుదో చెప్పలేనంత అరిగిపోయింది. మా దగ్గర ఇలాంటివి పెట్టె నిండా ఉన్నాయండీ" అని ఓదార్చబోయింది. మేడానికేం తెలుసు.

కాటాలాయన తన కుర్చీ వదిలి వరసలో అందరి దగ్గరికీ వెళ్ళాడు. పడిపోయినవాళ్ళని లేవనెత్తుతున్నట్టు ఒక్కొక్కరి భుజం తట్టాడు. "పర్వాలేదు మాస్టారూ. తప్పు నాది, నమ్మడం మీ మంచితనం" అన్నాడు. మందుల షాపాయనకి స్వయంగా మంచినీళ్ళ గ్లాసు అందించాడు. షాపాయన నీళ్ళు తాగుతూ గ్లాసు అంచు మీంచి ఆవిడ వంక చూశాడు. ఆయన కళ్ళల్లో నటన లేదు. అవి నిజంగానే తడిగా ఉన్నాయి. చిల్లపెంకులు ఏరుకునే ఈ తొమ్మిదిమందినీ ముప్పై ఏళ్ళుగా తను ఎంత తక్కువ చేసి మాట్లాడిందో ఆవిడ తలుచుకుంది. వాళ్ళందర్నీ ఒక్కసారిగా ప్రేమించింది, చివర్న ఏడ్చినాయనతో సహా.

ఇంటికి వస్తూ దారిలో ఆయన హుషారుగానే ఉన్నాడు. సమావేశం అయ్యేదాకా ఆయన్ని ముందు వరసలోంచి ఎవరూ కదలనివ్వలేదు మరి.

"మందుల షాపాయన మొహం చూశావా?" అన్నాడు. "పాపం, అసలే గుండె సరిగ్గా లేనివాడు. కాస్త నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది."

"నెమ్మదిగానే చెప్పి ఉండాల్సింది" అంది ఆవిడ, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కొంతదూరం నడిచాక ఆయన ఆగాడు. "నువ్వు ఎంత ఏడిపించినా సరేనోయ్. ఇకనుంచి ఈ ప్రపంచంలో నేను మళ్ళీ తూచి చూసుకోనక్కర్లేనిది నీ మాట ఒక్కటే. నాకు అబద్ధం చెప్పవు."

"చెప్పనండీ" అంది ఆవిడ.

నాలుగు రోజుల్లో అది రెండో అబద్ధం. మొదటిదానికంటే సులువుగా వచ్చింది.